మైనపు గొట్టం నుంచి చేతిలో ఫోను దాకా: గొంతును పట్టి ఉంచిన కథ

మన కోయతూర్ వంశ కథలకు, రేల పాటలకు వయసు ఎంతో చెప్పగలవాళ్లు లేరు. వాటిని యంత్రంలో పట్టి ఉంచే విద్యకు మాత్రం వయసు చెప్పవచ్చు. 1877లో అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫ్ అనే యంత్రాన్ని తయారుచేశాడు. మనిషి లేనిచోట కూడా మనిషి గొంతు వినిపించడం అప్పటినుంచే మొదలైంది. అంటే సుమారు నూట యాభై ఏళ్లు. అందులో నూటికి పైగా ఏళ్లపాటు, ఆదివాసుల గొంతును పట్టిన యంత్రం దాదాపు ఎప్పుడూ ఆదివాసుల చేతిలో లేదు. పాడింది మనవాళ్లు, మీట నొక్కింది వేరేవాళ్లు. ఏది ఉంచాలో ఏది కోసెయ్యాలో తేల్చింది కూడా వాళ్లే.

ఇప్పుడు ఆ యంత్రం మీ జేబులో ఉంది. దసరాకో సంక్రాంతికో ఊరికి వెళ్లిన మా హాస్టల్ పిల్లలు తిరిగి వచ్చేటప్పుడు ఫోన్లలో అమ్మమ్మ పాటలు, తాత చెప్పిన కథలు తెస్తున్నారు. తెచ్చాక "మేడమ్, ఇందులో గాలి మోత ఎక్కువ ఉంది, తీసెయ్యడం ఎలా?" అని అడుగుతారు. సమాధానం పది నిమిషాల్లో చెప్పవచ్చు. కానీ ఒట్టి సమాధానం చెబితే అది చెవిలో నిలవదు. రికార్డింగులో ఈరోజు మనం పాటించే ప్రతి చిన్న నియమం వెనకా ఎవరో ఎక్కడో పోగొట్టుకున్నదో, కష్టపడి నేర్చుకున్నదో ఒకటి ఉంది. ఆ చరిత్రతో కలిపి చెబితే పిల్లలు మరచిపోవడం లేదు. అందుకే ఈ సంచికకు అదే రాస్తున్నాం.

1890 మార్చి నెల. అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో కాలిస్ అనే ఊరికి జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు ఎడిసన్ యంత్రాన్ని తీసుకెళ్లాడు. అక్కడి పస్సమక్వొడి అనే ఆదివాసీ తెగవారి చేత పాడించి, మాట్లాడించి, మైనపు గొట్టాల మీద రికార్డు చేశాడు. ఒక జాతి పాటను వాళ్లున్న చోటికే వెళ్లి యంత్రంతో పట్టడం ప్రపంచంలో అదే మొదలు అని చరిత్రకారులు లెక్కవేస్తారు.

ఆ యంత్రం పనిచేసే తీరు తెలుసుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. అందులో కరెంటు మైకు లేదు. ఒక గరాటు ఉంటుంది. దాని ముందు గట్టిగా పాడాలి. శబ్దం అంటే గాలి అలలే కదా. ఆ అలలు గరాటు చివర ఉన్న పల్చని పొరను కదిలిస్తాయి. డోలు మీద చర్మం అదిరినట్టు ఆ పొర అదురుతుంది. దానికి అంటుకున్న సూది, తిరుగుతున్న మైనపు గొట్టం మీద గాడి గీస్తుంది. మళ్లీ అదే గాడి మీద సూదిని నడిపితే పొర అదే తీరుగా అదిరి పాట వినిపిస్తుంది. ఒక గొట్టం మీద పట్టేది రెండు మూడు నిమిషాలే. పైగా విన్న ప్రతిసారీ సూది ఆ గాడిని కొంచెం అరగదీస్తుంది. అంటే వినడమే దాన్ని చెరపడం. ఇష్టమైన పాటే ముందు పోతుంది.

ఫ్యూక్స్ గొట్టాలు హార్వర్డ్ మ్యూజియంలో చాలా ఏళ్లు ఉన్నాయి. 1970లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. 1979లో ఆ గ్రంథాలయం పాత మైనపు గొట్టాలన్నిటినీ టేపులోకి ఎక్కించే పని పెట్టుకుంది. 1980లలో ఆ కాపీలు ఆయా తెగలకు అందాయి. తరవాత వాటిని మరింత మంచి పరికరాలతో డిజిటల్‌గా మార్చి, పస్సమక్వొడి పెద్దలతో కలిసి 2018లో ప్రజల ముందుకు తెచ్చారు. ముత్తాతల గొంతును ముని మనవలు విన్నారు. బరబరమనే మోత మధ్య నుంచి ఒక్కొక్క మాటను ఏరి, అర్థం రాసే పని ఆ తెగవాళ్లే చేశారు. బయటివాళ్ల చెవికి అది వట్టి గోల, వాళ్లకు సొంత భాష. ఏవి అందరికీ వినిపించాలి, ఏవి తమలోనే ఉంచుకోవాలి అన్నదీ వాళ్లే తేల్చారు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాం.

మన దేశానికి వద్దాం. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆమె రికార్డులు వింటే చివర్లో ఒక చిత్రం వినిపిస్తుంది. పాట పూర్తికాగానే ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో ప్రకటిస్తుంది. అది గొప్ప కోసం కాదు. ఇక్కడ తీసిన రికార్డులు జర్మనీలోని హానోవర్ వెళ్లి అక్కడ అచ్చయి రావాలి. అక్కడి పనివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియదు. చీటీ చిరిగిపోయినా గొంతులోనే పేరు ఉంటే తప్పు జరగదు.

మేము పిల్లలకు నేర్పే మొదటి పాఠం ఇదే. రికార్డింగ్ మీట నొక్కగానే, పాట మొదలయ్యే ముందు, తేదీ, ఊరు, పాడేవారి పేరు, తీసేవారి పేరు గట్టిగా చెప్పండి. కోయలోనే చెప్పండి. ఫైలు పేరు మారిపోవచ్చు, ఫోను మారిపోవచ్చు. గొంతులో ఉన్న పేరు ఫైలుతో పాటే వెళుతుంది. పాత సేకరణల్లో "గిరిజన స్త్రీల బృందగానం" అని రాసి ఊరుకున్నవి కనిపిస్తుంటాయి. ఆ స్త్రీలకు పేర్లు లేవా? ఇంటిపేర్లు లేవా? అడిగినవాళ్లు లేరు, అంతే.

గౌహర్ జాన్ కాలపు రికార్డుకు ఇంకో సంకెల ఉంది. ఒక వైపు సుమారు మూడు నిమిషాలే. గంటల తరబడి సాగే రాగాన్ని మూడు నిమిషాలకు కుదించి పాడవలసి వచ్చేది. యంత్రం కొలతకు పాట మారింది. మనవాళ్లు రాత్రంతా చెప్పే కథ ఆ కాలంలో రికార్డు అయ్యే దారే లేదు.

ఇక ప్రభుత్వం చేసిన పని ఒకటుంది. జార్జ్ గ్రియర్సన్ నడిపిన భారత భాషల సర్వేలో భాగంగా 1913 నుంచి 1929 మధ్య దేశంలోని భాషలను గ్రామఫోన్ ప్లేట్ల మీద పట్టారు. 97 భాషలు, యాసల నమూనాలు ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఇంటర్నెట్‌లో వినవచ్చు. ఎక్కువ భాషల్లో చెప్పించింది ఒకటే కథ. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ. భాషలను పోల్చి చూడటానికి ఒకే కథ ఉండాలన్నది వాళ్ల లెక్క. పరిశోధనకు అది సబబే. కానీ ఆలోచించండి. ఒక జాతి గొంతును మొట్టమొదటిసారి యంత్రంలో పడుతూ, ఆ జాతి సొంత కథ కాకుండా వేరే కథ చెప్పించారు. పైగా హైదరాబాద్ సంస్థానం, మద్రాసు రాష్ట్రం గ్రియర్సన్ సర్వే హద్దులో లేవు. అంటే గోదావరికి అటూ ఇటూ మన కోయవాళ్లు ఉండే నేలలో ఎక్కువ భాగం ఆ లెక్కకు బయటే ఉండిపోయింది.

అదే కాలంలో మన ఉత్తరాన, పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని కాగితం మీద రికార్డు చేశారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు గారినే పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం, సవరల గిడుగు గారి గురించి తక్కువ చెబుతారు. ఆయన పద్ధతిలో మనకు పనికొచ్చేది ఒకటుంది. విన్నది విన్నట్టు రాయడం. తెలుగు అక్షరాల్లో లేని సవర ధ్వనికి దగ్గరలో ఉన్న తెలుగు ధ్వని రాసి సరిపెట్టుకోలేదు, వేరే గుర్తులు వాడారు. చెవి అంత ఓపికగా ఉండాలి. యంత్రం ఉన్నా లేకపోయినా.

తరవాతి మలుపు టేపు. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ అనే ఆయన కాగితపు పట్టీ మీద ఇనుప పొడి పూసి, దాని మీద శబ్దాన్ని అయస్కాంత గుర్తులుగా పట్టవచ్చని చూపించాడు. 1935 నాటికి టేపు రికార్డరు తయారైంది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అది రేడియో స్టేషన్లకు చేరింది. ఎడిటింగ్ అనే మాటకు అసలైన అర్థం వచ్చింది టేపుతోనే. ఎడిటింగ్ అంటే అక్షరాలా కోత. టేపు సెకనుకు ఏడున్నర అంగుళాలు తిరుగుతుందనుకోండి. పాడే పెద్దాయన మధ్యలో అర సెకను దగ్గాడు. ఆ దగ్గు సుమారు నాలుగు అంగుళాల టేపు ముక్క. దాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పుతూ దగ్గు మొదలయ్యే చోటు వెతికి, పెన్సిలుతో గుర్తుపెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలూ అతికించేవారు. ఏటవాలుగా ఎందుకంటే నిలువుగా కోస్తే అతుకు దగ్గర టక్‌మని చప్పుడు వస్తుంది. ఈనాటి కంప్యూటరులో ఫేడ్ అనే మీట చేసే పని ఆనాడు ఏటవాలు కోత చేసింది.

కోసిన ముక్క చెత్తబుట్టలోకి పోయేది. మళ్లీ రాదు. టేపు ఖరీదైనది కాబట్టి, ప్రసారం అయిపోయిన టేపును తుడిచి దాని మీదే మరొకటి రికార్డు చేయడం ప్రపంచమంతటా చాలా రేడియో సంస్థల్లో ఉన్న అలవాటు. అట్లా పోయినవి ఎన్నో లెక్క లేదు. పది నిమిషాల కార్యక్రమంలో పట్టదని గంట కథను పది నిమిషాలు చేస్తే, మిగిలిన యాభై నిమిషాలు ఎవరి దగ్గరా లేకుండా పోయేవి.

అందుకే మా రెండో పాఠం. అసలు ఫైలును ఎప్పుడూ కోయవద్దు. ముందు కాపీ తీసుకోండి, కాపీని కోయండి. మైనపు గొట్టం వింటే అరిగేది, టేపు కోస్తే పోయేది. డిజిటల్ ఫైలుకు ఆ రెండు జబ్బులూ లేవు. వెయ్యిసార్లు విన్నా, వెయ్యి కాపీలు తీసినా మొదటిదీ చివరిదీ ఒకటే. ఇంత సుఖం దొరికాక కూడా అసలు ఫైలు మీదే కత్తి పెట్టడం ఎందుకు?

డిజిటల్ అంటే ఏమిటో ఇక్కడ నెమ్మదిగా చెప్పుకోవాలి. గాడి, టేపు రెండూ అలను అలలాగే దాచాయి. డిజిటల్ అలను అంకెలుగా రాస్తుంది. గోదావరికి వరద వచ్చినప్పుడు భద్రాచలం దగ్గర గంట గంటకూ నీటిమట్టం కొలిచి రాస్తారు కదా. 41 అడుగులు, 42 అడుగులు, 43 అడుగులు. ఆ అంకెలన్నీ వరసగా గీతగా గీస్తే వరద ఎట్లా పెరిగిందో ఎట్లా తగ్గిందో కనబడుతుంది. శబ్దానికీ అంతే. కాకపోతే గంటకోసారి కాదు, సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతను శాంపిల్ అంటారు. ఇట్లా శబ్దాన్ని అంకెలుగా మార్చే ఆలోచనను 1937లో అలెక్ రీవ్స్ అనే ఇంజినీరు ముందుకు తెచ్చాడు. ఒక అలను తిరిగి సరిగ్గా గీయాలంటే దాని వేగానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలని నైక్విస్ట్, షానన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. మనిషి చెవి సెకనుకు సుమారు 20 వేల కంపనాల దాకా వింటుంది. కాబట్టి 40 వేలకు పైన కొలతలు కావాలి.

మరి సరిగ్గా 44,100 ఎందుకు? ఇది మా పిల్లలకు బాగా నచ్చిన సంగతి. 1970ల చివర్లో అన్ని అంకెలను దాచుకోవడానికి వీడియో టేపు తప్ప వేరే చోటు దొరకలేదు. అప్పటి ఒక రకం టీవీ పద్ధతిలో సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తారు, వాడుకోదగిన గీతలు ఒక్కొక్కసారి 245, గీతకు 3 కొలతలు పడతాయి. హెచ్చవేయండి. 44,100. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు తెచ్చిన సీడీకి అదే లెక్క స్థిరపడింది. మీ ఫోనులో ఈనాటికీ కనిపించే ఆ అంకె పాత వీడియో టేపు వదిలిన గుర్తు.

ఎన్నిసార్లు కొలిచామన్నది ఒకటి, ఎంత సన్నగా కొలిచామన్నది ఇంకొకటి. అడుగుల్లో కొలిస్తే ఒక తీరు, అంగుళాల్లో కొలిస్తే మరో తీరు. దీన్నే బిట్ అంటారు. 16 బిట్ అంటే కొలబద్ద మీద 65,536 గీతలు ఉన్నట్టు. ఈ లెక్కన ఒకే మైకుతో తీసిన వేవ్ ఫైలు నిమిషానికి 5 ఎంబీ కన్నా కొంచెం ఎక్కువ, గంటకు సుమారు 318 ఎంబీ. 32 జీబీ మెమరీ కార్డులో వంద గంటలు పడుతుంది. మూడు నిమిషాల మైనపు గొట్టం ఎక్కడ, వంద గంటల కార్డు ఎక్కడ! చోటు చాలదని తాతను తొందరపెట్టే పని ఇక లేదు.

కానీ డిజిటల్‌కు ఒక మొండి గుణం ఉంది. కొలబద్దకు పైకొస ఉంటుంది. దాన్ని సున్నా డెసిబెల్ అంటారు. శబ్దం దాన్ని దాటితే కొలవడానికి గీతలు లేవు. అల తల నరికినట్టు చదునైపోతుంది. బరబర వినిపిస్తుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. టేపు అయితే శబ్దం ఎక్కువైనప్పుడు మెల్లగా సర్దుకునేది. డిజిటల్ సర్దుకోదు. ఒకసారి నరికిన తలను తరవాత ఎంత ఎడిటింగ్ చేసినా పూర్తిగా తిరిగి తేలేం. అందుకని గట్టి శబ్దం కూడా సున్నాకు 12 డెసిబెల్స్ కింద ఆగేట్టు చూసుకోవాలి. తక్కువగా ఉందని భయం వద్దు. తక్కువను తరవాత పెంచవచ్చు.

మన దగ్గర ఇది అసలైన చిక్కు. రేల పాటను పాడే ఆడవాళ్ల గొంతులకు ఫోను సరిపోతుంది. కొమ్ము నృత్యంలో పెద్ద డోళ్లు మోగేచోట అదే ఫోను బెదిరిపోతుంది. దీనికి మీటల కన్నా చోటు మార్చడం మంచి మందు. దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గొంతుకు దగ్గరగా, డోలుకు దూరంగా, డోలు వైపు కాకుండా పాడే మనిషి వైపు ఫోను అడుగుభాగం తిప్పి పెట్టండి. ఫోను మైకు సాధారణంగా అడుగున ఉంటుంది, చాలామంది అరచేత్తో దాన్నే మూసేస్తారు. బల్ల మీద పెడితే కింద మడిచిన తువ్వాలు వేయండి. గాలి ఉంటే మైకు మీద పల్చని నూలుగుడ్డ కట్టండి. రేకుల ఇంట్లో వాన పడుతుంటే మాత్రం ఏ ఉపాయమూ లేదు, టీ తాగుతూ కూర్చోవడమే.

ఇంకొక మాట. ఫోన్లలో గోల తగ్గించే ఏర్పాటు ముందే ఉంటుంది. అది మాట్లాడే గొంతు కోసం తయారైంది. ఆగకుండా మోగేదాన్నల్లా ఫ్యాన్ మోత అనుకుని తొక్కేస్తుంది. మన కొమ్ముబూర దాని లెక్కలో ఫ్యానే! రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో ఆ ఏర్పాటును ఆపేసే వీలుంటే ఆపండి. వేవ్ అని ఉంటే అది ఎంచుకోండి. విమానం గుర్తు నొక్కి కాల్స్ రాకుండా చేయండి.

వేవ్ ఎందుకు, ఎంపీ3 ఎందుకు కాదు? ఎంపీ3 జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో రూపుదిద్దుకుంది. ఆ పేరు 1995లో స్థిరపడింది. ఒక పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం మన చెవికి ఆనదు కాబట్టి ఆ చిన్నదాన్ని వదిలేస్తే ఫైలు చిన్నదవుతుంది. అదీ కిటుకు. దాన్ని సరిచూసుకోవడానికి వాళ్లు ఎంచుకున్న వాటిలో ఒకటి, సుజాన్ వేగా అనే గాయని వాయిద్యం లేకుండా పాడిన పాట. ఒట్టి ఆడగొంతు ఎక్కడ దెబ్బతిన్నా ఇట్టే తెలిసిపోతుందని. మన రేల పాటకూ అదే వర్తిస్తుంది. వినడానికి, పంచుకోవడానికి ఎంపీ3 చాలు. దాచడానికి చాలదు. వదిలేసిన చిన్న శబ్దం మళ్లీ రాదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా చేసినది ఇంకా బాగా నలిగిపోతుంది. పంపక తప్పకపోతే ఫైలును డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు మారకుండా చేరుతుంది.

ఎడిటింగుకు మా హాస్టల్లో వాడేది ఆడాసిటీ. డబ్బు కట్టనక్కర లేదు, పాత కంప్యూటరులోనూ నడుస్తుంది. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ అనే విద్యార్థి, రోజర్ డానెన్‌బర్గ్ అనే అధ్యాపకుడు కలిసి మొదలుపెట్టారు. 2000 మే నెలలో అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఒకప్పుడు రేడియో స్టేషను గదిలో మాత్రమే జరిగిన పని ఆ తరవాత ఎవరింట్లోనైనా జరగడానికి దారి పడింది.

అందులో ఫైలు తెరిస్తే శబ్దం కొండల వరసలా కనిపిస్తుంది. గట్టి చోట ఎత్తు, మెల్లని చోట పల్లం. నిశ్శబ్దం సన్నని గీత. చూడగానే పిల్లలు అడవిదారి గుర్తుపట్టినట్టు పాట ఎక్కడ మొదలైందో గుర్తుపడతారు. మౌసుతో ఒక భాగం పట్టుకుని తీసేయవచ్చు. కోత అల మధ్యగీతను దాటే చోట పడాలి, లేకుంటే టక్‌మంటుంది. జెడ్ మీట నొక్కితే అదే ఆ చోటు వెతికిపెడుతుంది. గాలి మోత తీయాలంటే ముందే ఒక పని చేసి ఉండాలి. పాట మొదలుపెట్టకముందు అందరూ కదలకుండా అర నిమిషం ఊరుకోవాలి. ఆ అర నిమిషంలో రికార్డైన మోతను ఎంచి, నాయిస్ రిడక్షన్‌లో "గెట్ నాయిస్ ప్రొఫైల్" నొక్కితే మోత అంటే ఏదో దానికి తెలుస్తుంది. తరవాత మొత్తం ఎంచి కొద్దిగా తగ్గించాలి. అత్యాశ పడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు గుడగుడమంటుంది. కొంచెం మోత మిగలనివ్వండి. చెట్టు కింద పాడిన పాటలో ఆకుల చప్పుడు ఉంటే తప్పేమిటి?

ఏది కోయకూడదన్న విషయంలో మాకు గట్టి అభిప్రాయం ఉంది. పాట మధ్యలో పెద్దమ్మ ఆగి, "అట్లా కాదే, ఆ మాట అట్లా పలకకూడదు" అని పక్కామెను సరిదిద్దితే పిల్లలు దాన్ని కోసేస్తారు. అది పొరపాటు అనుకుంటారు. నిజానికి ఆ రికార్డింగులో అంతకన్నా విలువైనది ఉండకపోవచ్చు. పాట ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎట్లా అందుతుందో అక్కడే వినిపిస్తుంది. వంత పాడేవాళ్లు అదే చరణం ఆరుసార్లు అంటే ఆరుసార్లూ ఉండాలి. కథ చెప్పే తాత నీళ్లు తాగడానికి ఆగిన చోట, పక్కనున్న పిల్లవాడు అడిగిన ప్రశ్న ఉండాలి. యూట్యూబ్ కోసం మూడు నిమిషాలు కావాలంటే విడిగా చేసుకోండి. పూర్తిది అలాగే ఉంచండి.

2011 జనాభా లెక్కల్లో కోయ భాషను మాతృభాషగా చెప్పినవాళ్లు 4 లక్షల 7 వేల మంది. పెద్ద సంఖ్యే. కానీ వంశ కథ మొదటినుంచి చివరిదాకా చెప్పగల డోలి కళాకారులు వేళ్ల మీద ఉన్నారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడి వినిపించిన మనిషి. 2024 జూన్‌లో ఆయన వెళ్లిపోయారు. ఆయన పాడుతుండగా ఫోను ఎత్తి తీసినవాళ్లు మీలో ఉంటే, ఆ ఫైలు ఇప్పుడు ఎక్కడుందో ఈరోజే చూడండి. పాత ఫోను రిపేరుకు ఇచ్చేముందు చూడండి.

మనకు పక్కనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2010లో శుభ్రాంశు చౌదరి అనే పాత్రికేయుడు ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అనే ఏర్పాటు మొదలుపెట్టారు. మామూలు ఫోను నుంచి కాల్ చేసి సమస్యనో పాటనో తమ భాషలో రికార్డు చేయవచ్చు, వేరే ఊరివాళ్లు ఫోనులోనే వినవచ్చు. గోండీలో అట్లా మాట్లాడినవాళ్లకు చదువు రానవసరం లేకపోయింది, స్మార్ట్‌ఫోను అవసరం లేకపోయింది. ఆదివాసీ గొంతు వార్త కావచ్చని అది చూపించింది.

ఇందాక వదిలిన సంగతికి వస్తాం. పస్సమక్వొడి వాళ్లు కొన్ని రికార్డింగులను తమలోనే ఉంచుకునే హక్కును నిలబెట్టుకోవడానికి నూరేళ్లకు పైగా పట్టింది. మనం ఆ హక్కును మొదటిరోజే పోగొట్టుకోకూడదు. వేల్పుల కొలుపులో పాడేవి, ఆ సమయంలో ఆ చోట మాత్రమే పాడవలసినవి కొన్ని ఉంటాయి. అవేవో మనకన్నా పెద్దలకు తెలుసు. తీసే ముందు అడగండి. తీశాక వినిపించి, ఇది ఎవరెవరు వినవచ్చో మళ్లీ అడగండి. వాళ్లు చెప్పిన జవాబును కూడా అదే ఫైలు చివర రికార్డు చేయండి. "వద్దు" అంటే రికార్డింగ్ ఆపేయడం కూడా ఈ విద్యలో భాగమే.

కాపీలు మూడు ఉండాలి. ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్కులోనో, ఒకటి వేరే ఊళ్లో. వరద వచ్చే ఊళ్లవాళ్లకు వేరే ఊరు ఎందుకో చెప్పనక్కర లేదు. ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టి ఊరు, పాడినవారు, పాట రకం వరసగా రాయండి. "కొత్త రికార్డింగ్ 37" అన్న ఫైలు రెండేళ్ల తరవాత తీసిన మనిషికే అర్థం కాదు. పాడినవారికి ఒక కాపీ ఇవ్వడం మరవద్దు. చాలామంది పెద్దల నుంచి పాటలు తీసుకువెళ్లినవాళ్లు ఉన్నారు కానీ తిరిగి తెచ్చి వినిపించినవాళ్లు తక్కువ.

చివరగా క్యాసెట్లు. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ తెచ్చాక, 1980లు, 90లలో అవి మన ఊళ్లకూ వచ్చాయి. పెళ్లిళ్లలో, భూమి పండుగల్లో, జాతరల్లో పాడినవి టేప్‌రికార్డరుతో పట్టినవాళ్లు ఉన్నారు. అవి అటక మీద, ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. అందులో ఉన్న గొంతులు చాలావరకు ఇప్పుడు లేవు. క్యాసెట్‌ను కంప్యూటరులోకి ఎక్కించడానికి ప్రత్యేక యంత్రం అక్కర లేదు. టేప్‌రికార్డరు ఇయర్‌ఫోను పెట్టే చోటు నుంచి ఒక తీగను కంప్యూటరుకు కలిపి, ఆడాసిటీలో రికార్డు నొక్కి, క్యాసెట్ ఆడించాలి. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, తొందర కుదరదు. ముందుగా దూది, స్పిరిటుతో టేప్‌రికార్డరు హెడ్ తుడవండి. బూజు పట్టిన క్యాసెట్ ఆడించకండి, పక్కన పెట్టి మాకు చెప్పండి. వెనకాల చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండూ విరిచేస్తే పొరపాటున దాని మీద వేరేది రికార్డు కాదు.

పనిచేసే టేప్‌రికార్డరు ఒకటి మా హాస్టల్లో ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీయే. క్యాసెట్ తెచ్చేటప్పుడు, అందులో గొంతు ఎవరిదో గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లనూ వెంట తీసుకురండి.